ఊరు వదల్లేదంటే పన్ను ఒప్పుకున్నట్టు కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఇంటి పన్ను పెంపు గురించి ఒక పాఠకుడు రాసింది చదివాను. ఆయన కోపంగా ఏమీ రాయలేదు, మర్యాదగానే రాశారు, అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. పన్ను పెరిగిన ప్రతిసారీ జనం గోల చేస్తారట, ఆ తర్వాత ఎవరూ ఇల్లు అమ్ముకుని పోరట, అక్కడే ఉంటారు, అదే పన్ను కడతారు, కాబట్టి పన్ను భరించగలిగేంతలోనే ఉంది, గోలంతా అలవాటు కొద్దీ చేసేదే అని ఆయన వాదన. చదివి పేపరు పక్కన పెట్టేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. రెండు రోజుల పాటు బండి నడుపుతున్నా అదే, పడుకున్నా అదే. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను కదా, ఎందుకు ఉంటున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదని అప్పుడు తెలిసింది. పన్ను తక్కువని మాత్రం ఉండట్లేదు.

ముందే ఒకటి చెప్పేస్తాను, లేకపోతే వచ్చే ఆదివారం ఎవరో నన్ను పన్ను ఎగ్గొట్టే బాపతు అంటారు. నేను పన్ను వద్దనేవాడిని కాదు. వీధి దీపం వెలగాలన్నా, కాలవలో పూడిక తియ్యాలన్నా, చెత్త బండి రావాలన్నా ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి, ఇల్లున్నవాడు పెట్టడం న్యాయమే. మిగతా పన్నులకి లేని సుగుణం ఒకటి ఇంటి పన్నుకి ఉంది కూడా: ఇల్లు ఎక్కడికీ పారిపోదు. జీతం దాచొచ్చు, అమ్మకాలు తక్కువ చేసి చూపించొచ్చు, ఇల్లు మాత్రం రోడ్డు వైపు ముఖం పెట్టుకుని నిలబడే ఉంటుంది. ప్రపంచంలో చాలా చోట్ల స్థానిక సంస్థలు సొంత ఆదాయం కోసం మొదట దీని వైపే చూసేది అందుకే. నా పేచీ కూడా సరిగ్గా అక్కడే. కదల్లేని దాని మీద వేసిన పన్ను కదల్లేని మనిషి మీద పడుతుంది. ఆ మనిషి కదల్లేదు కాబట్టి బాగానే ఉన్నాడంటే ఎలా?

మా ఇంట్లో ఒక పాత రేకు డబ్బా ఉంది. ఇల్లు కొన్న ఏడాది నుంచీ కట్టిన పన్ను రసీదులన్నీ నాన్న అందులో దాచారు. అడుగున ఉన్నవి కార్బన్ కాగితం పెట్టి చేత్తో రాసినవి, నీలం వెలిసిపోయి ఇప్పుడు అంకెలు చదవాలంటే వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి. వాటి పైన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో కొట్టినవి, అంచుల్లో చిల్లులున్న కాగితాలు. ఆ పైన మామూలు ప్రింట్లు. అక్కడితో డబ్బా ఆగిపోయింది. ఇప్పుడు నేను ఫోన్‌లో కడతాను, రసీదు మెసేజ్‌గా వస్తుంది, నాలుగు రోజుల్లో అది ఎక్కడో కిందికి పోతుంది. నాన్నకి ఒక అలవాటు ఉండేది, రసీదు వెనక ఆ ఏడాది ఇంటి సంగతి ఒక ముక్క రాసేవారు. ఒకదాని వెనక ‘వెనక గది కారింది, పైన పూత వేయించాను’ అని ఉంది. ఇంకోదాని వెనక ‘వీధి దీపం వచ్చింది’ అని రాసి కింద గీత కూడా గీశారు, దీపం కోసం ఎన్ని అర్జీలు పెట్టారో మరి. ఒకదాని వెనక మాత్రం ‘కష్టంగా ఉంది’ అని రెండే మాటలు. తిప్పి ఏడాది చూశాను. నాన్నకి ఉద్యోగం పోయిన ఏడాది అది. ఆ ఏడాది కూడా కట్టారు, గడువుకి రెండు రోజుల ముందే. మున్సిపాలిటీ రిజిస్టర్ తీసి చూస్తే ఆ ఏడాదికీ దానికి ముందు ఏడాదికీ తేడా ఏమీ కనపడదు, రెండిటికీ ఎదురుగా చెల్లించినట్టే ఉంటుంది. మీ పాఠకుడి లెక్కలో మా నాన్న ఆ ఏడాది కూడా భరించగలిగినవాళ్ల జాబితాలోనే ఉన్నారు.

ఉండడాన్ని చూసి ఒప్పుకున్నట్టు లెక్క వెయ్యడం ఆయన కొత్తగా కనిపెట్టిందేం కాదు లెండి. 1956లో చార్లెస్ టీబో అనే అమెరికన్ ఆర్థికవేత్త దాన్ని సిద్ధాంతంగానే రాశారు. ఊళ్లు చాలా ఉంటాయి, ఒక్కో ఊరు ఒక్కో రకంగా పన్ను వేసి ఒక్కో రకంగా సేవలిస్తుంది, జనం తమకి గిట్టుబాటయ్యే ఊరు చూసుకుని అక్కడికి పోయి ఉంటారు, నచ్చకపోతే ఇంకో ఊరికి పోతారు. తర్వాతి వాళ్లు దీన్నే కాళ్లతో ఓటెయ్యడం అన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన ముందుగా ఏమేం అనుకోమన్నారో కూడా చూడండి. జనం ఎక్కడికంటే అక్కడికి అడ్డు లేకుండా కదలగలరని అనుకోవాలి, ఏ ఊళ్లో పన్నెంతో సేవలేమిటో అందరికీ పూర్తిగా తెలుసని అనుకోవాలి, ఎంచుకోవడానికి ఊళ్లు బోలెడున్నాయని అనుకోవాలి, ఉద్యోగం ఎక్కడన్న బాధ అసలు లేదనుకోవాలి. ఈ ఆఖరిదాని కోసం అందరూ డివిడెండ్ల మీద, అంటే కంపెనీ వాటాల మీద ఇంట్లో కూర్చున్నా వచ్చే డబ్బు మీద, బతుకుతున్నారని అనుకోమన్నారు. ఆయన్ని తప్పు పట్టను, దాచకుండా బాహాటంగానే రాసుకున్నారు, ఆ షరతుల్ని మర్చిపోయింది తర్వాత వాడుకున్నవాళ్లు. మా వీధిలో డివిడెండ్ల మీద బతికేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఇల్లిల్లూ తలుచుకున్నాను. ఇద్దరు డ్రైవర్లు, ఒక టైలరు, ఇద్దరో ముగ్గురో గుమాస్తాలు, ఒక నర్సు, పెన్షన్ మనుషులు. డివిడెండ్లు ఎవరికీ లేవు.

ఇంకో చిక్కుంది, ఇది చాలామందికి తట్టదు, నాకూ ఈ మధ్య దాకా తట్టలేదు. సరే, పన్ను భారమైంది, అమ్మేసి పోదామనుకుందాం. కొనడానికి వచ్చేవాడేమీ అమాయకుడు కాదు కదా, ఏటా పన్నెంత అని మొదటి రోజే అడుగుతాడు, ఆ మేరకి ధర తగ్గించి బేరం పెడతాడు. అంటే అతను రేపటి నుంచి కట్టబోయే అదనపు పన్నులో చాలా భాగం ఇవాళ అమ్మేవాడి చేతికొచ్చే డబ్బులోంచే కోత పడుతుంది. 1969లో వాలెస్ ఓట్స్ అనే ఇంకో ఆర్థికవేత్త న్యూజెర్సీ శివారు ఊళ్ల లెక్కలు తీసి ఇదే చూపించారు, పన్ను రేటు ఎక్కువున్న ఊళ్లలో ఇళ్ల ధరలు ఆ మేరకి తగ్గి ఉన్నాయి. అవే లెక్కల్లో ఇంకోటి కూడా తేలింది, బడుల మీద ఎక్కువ ఖర్చు పెట్టే ఊళ్లలో ధరలు పెరిగి ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. తీసుకున్న పన్ను బడికో నీళ్లకో పెట్టి ఆ తేడా కంటికి కనపడితే ఇంటివాడికి పెద్దగా పోయేదేం లేదు, ధరలో తిరిగొస్తుంది. తీసుకున్నది ఎటు పోయిందో తెలియకపోతే మాత్రం ఉంటే ఏటా నష్టం, పోతే ఒకేసారి నష్టం. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? ఉన్నచోటే ఉంటారు. సణుగుతూ ఉంటారు. ఆ సణుగుడునే మీ పాఠకుడు అలవాటు అన్నారు.

కదలకుండానే జనం ఎంత దూరం పోతారో చెప్పడానికి ఇంగ్లండ్ కిటికీల పన్ను కన్నా మంచి ఉదాహరణ నాకు తెలిసి లేదు. 1696లో మొదలై 1851 దాకా నడిచింది, నూట యాభై ఏళ్ల పైమాటే. ఇంటికి కిటికీలు ఎన్ని ఎక్కువుంటే అంత ఎక్కువ పన్ను. జనం ఇళ్లు వదిలి పోలేదు, కిటికీల్ని ఇటుకలతో మూసేసుకున్నారు. ఆ మూసిన చోట్లు అక్కడి కొన్ని పాత ఇళ్ల గోడల మీద ఇప్పటికీ కనపడతాయి. ఆ రోజుల్లో ఎవరైనా, జనం ఎక్కడివాళ్లక్కడే ఉన్నారు కదా, పన్నుతో ఇబ్బందేముంది అని పేపరుకి రాసి ఉంటే లోపల చీకట్లో కూర్చున్నవాడు ఏమనుకునేవాడో!

మా ఇంటి కిటికీ వేరే రకం. మేడ మీద ఒక గది వేద్దామని ఐదేళ్లుగా అనుకుంటున్నాం, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. డబ్బు సర్దుబాటు కాక కొంత ఆగింది, గది లేస్తే కొలతలకి వస్తారు, ఇంటి మొత్తానికీ విలువ కొత్తగా కడతారన్న భయంతో మిగతాది ఆగింది. ఎస్టోనియాలో నేలకి మాత్రమే పన్నట, దాని మీద కట్టిన కట్టడానికి లేదట. అక్కడైతే ఈపాటికి గది వేసి రంగులు కూడా వేసేవాళ్లం. ఇల్లు బాగు చేసుకున్నవాడికి పన్ను పెంచి, పాడు పెట్టినవాడికి తగ్గించే పద్ధతిలో ఏం తెలివుందో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

కొలతలంటే గుర్తొచ్చింది, ఇది చెప్పకుండా ఉండలేను. మేడ మీద బట్టలు ఆరేసుకోవడానికి నాలుగు ఇనుప పైపులు పాతి పైన రేకులు వేశాం. మూడు వైపులా గాలి, ఒకవైపు పిట్టగోడ. కొన్నేళ్ల కిందట వచ్చిన నోటీసులో అది ‘రెండో అంతస్తు, నివాసం’ అయి కూర్చుంది. సెలవు పెట్టి వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు కూడా.

“మీ రెండో అంతస్తు ఇదిగో, ఇక్కడుంది సార్.”

“ఇంటి మీద లేదండీ.”

“ఇక్కడుంది కదా సార్.”

ఇద్దరం కాసేపు ఆ అంతస్తు వైపు చూస్తూ ఉండిపోయాం. ముందు కట్టెయ్యండి, తర్వాత అర్జీ పెట్టుకోండి, సరి చేస్తే వచ్చే బిల్లులో సర్దుతారు అన్నాడు. ఆలస్యమైతే వడ్డీ పడుతుందన్నది కూడా ఆయనే, మంచి మాటగానే చెప్పాడు. కట్టాను. మూడు సెలవులు, రెండు అర్జీలు, ఒక తనిఖీ, మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది ఆ అంతస్తు కూలడానికి. ఆ పద్నాలుగు నెలలూ మా పిల్లలు బట్టలు తియ్యడానికి పైకి పోతూ రెండో అంతస్తుకి వెళ్లొస్తాం నాన్నా అనేవాళ్లు. నవ్వుకున్నాం గానీ, నాకు సెలవు పెట్టుకునే ఉద్యోగం ఉంది కాబట్టి నవ్వుకున్నాం. రోజు కూలికి పోయేవాడైతే మూడు రోజుల కూలి వదులుకునే బదులు లేని అంతస్తుకి కట్టుకుంటూ పోయేవాడు.

ఇక ఎందుకు ఉంటారన్న సంగతి. ఒకాయన కూతురు పదో తరగతి, ఇప్పుడు బడి మారిస్తే ఎలా అని ఉన్నాడు. ఒకావిడ తల్లికి వారానికి మూడుసార్లు డయాలసిస్, ఆసుపత్రి దగ్గర. ఒకరికి ఇల్లు నలుగురు అన్నదమ్ముల పేరు మీద ఉంది, నలుగురూ ఒక మాట మీదకి వచ్చేది ఎప్పుడు, అమ్మేది ఎప్పుడు. ఒకరికి బ్యాంకు అప్పు తీరలేదు. ఇవన్నీ అందరికీ తెలిసినవే, ఇలాంటివి ఏ వీధికి వెళ్లినా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది మా పక్కింటి టీచరు గారి గురించి.

ఆవిడ రిటైరై చాలా ఏళ్లయింది. ఒక్కరే ఉంటారు. వాళ్లు కొన్నప్పుడు ఇంటి చుట్టూ ఖాళీ స్థలాలేనట, తర్వాత అటువైపు పెద్ద రోడ్డు పడింది, స్థలం విలువ పెరిగింది, దాంతోపాటే పన్నూ పెరిగింది. కాగితం మీద చూస్తే మా వీధిలో అందరికన్నా ఉన్నవారు ఆవిడే. పెన్షన్ మాత్రం రోడ్డు పడిందని పెరగలేదు. మందుల చీటీ పట్టుకుని ఏది ఇవాళ కొనాలి, ఏది ఒకటో తారీఖు దాకా ఆగుతుందని లెక్క చూసుకుంటారు. ఈ పెరిగిన విలువ మీ కష్టార్జితం కాదు, రోడ్డు వేసింది సమాజం, అందులో సమాజానికి వాటా ఇవ్వాలి అనేవాళ్లున్నారు, 1879లోనే హెన్రీ జార్జ్ అనే అమెరికన్ ఈ వాదన చేశాడు, అది గట్టి వాదనే, నేను కొట్టిపారెయ్యను. కాకపోతే ఆ విలువ ఆవిడ చేతికి ఎప్పుడొస్తుంది? ఇల్లు అమ్మిన రోజున. అమ్మని రోజున అది గాలిలో ఉంటుంది, పన్ను మాత్రం పెన్షన్‌లోంచి పోతుంది.

అమ్మేసి చిన్న ఇంట్లోకి మారిపోవచ్చు కదా అని వాళ్లబ్బాయి అంటాడు, నేనూ ఒకసారి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ తర్వాత ఒక సాయంత్రం కరెంటు పోయింది, ఇంటి పైన ట్యాంకు వాల్వు కారుతోంది, ఒకసారి చూడు నాయనా అని పిలిచారు. లోపలి మెట్ల దగ్గర కటిక చీకటి. నేను ఫోన్‌లో లైటు ఎక్కడుందో వెతుక్కునే లోపు ఆవిడ మాట పైనుంచి వినపడింది, అప్పటికే ఎక్కేశారు. “పదకొండు మెట్లు నాయనా. ఏడోదాని దగ్గర కొంచెం ఎడమకి రా, అక్కడ అంచు విరిగింది.” ఆవిడకి ఒక కన్ను దాదాపు పోయింది, రెండోది అంతంతమాత్రం. వాల్వు బిగించి దిగుతుంటే అన్నారు, ఈ ఇంట్లో నాకు కళ్లతో పెద్ద పని లేదు అని. నేను అంతకు ముందు ఇచ్చిన సలహాకి జవాబు అదేనని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు. ఆ పదకొండు మెట్లు మదింపు కాగితంలో ఏ గడిలో రాస్తారు సంపాదకులు గారూ? కొత్త ఇంట్లోనూ మెట్లుంటాయి, వాటిని చీకట్లో ఎక్కడం నేర్చుకోవడానికి ఇంకో నలభై ఏళ్లు ఎవరిస్తారు?

వెళ్లినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మా ఎదురింటివాళ్లు ఊరి పొలిమేర దాటి ఇల్లు కట్టుకున్నారు, అక్కడ పన్ను నామమాత్రం. మొదటి ఏడాది ఆయన ఎక్కడ కనపడినా ఎంత మిగిలిందో చెప్పేవాడు. రెండో ఏడాది నుంచి ఆ మాట ఎత్తడం మానేశాడు. నీళ్ల ట్యాంకరుకి వేరే, చెత్త ఎత్తేవాడికి వేరే, వాచ్‌మన్‌కి వేరే, ఆఫీసుకి పోయి రావడానికి రోజుకి రెండు గంటలు వేరే. అన్నీ విడివిడిగా కొనుక్కుంటున్నాం అన్నాడు ఒకసారి. అంటే మనం కట్టే పన్నుకి ఎంతో కొంత వస్తోందన్నమాట, నేను కాదనను. పార్సిళ్లు ఇంకా మా అడ్రసుకే తెప్పించుకుంటాడు, వచ్చినప్పుడల్లా బండి పాత ఇంటి ముందే ఆపుతాడు, మా గేటు ముందు కాదు.

అద్దెవాళ్ల సంగతి అసలు ఎవరూ ఎత్తరు. నోటీసు వాళ్ల పేరు మీద రాదు, కాబట్టి మీటింగులో మాట్లాడే హక్కు వాళ్లకి లేదనుకుంటాం. పన్ను పెరిగిందని ఇంటాయన అద్దె పెంచితే మొదట కదిలేది వాళ్లే, వాళ్లు కదిలారని ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. నిజానికి కాళ్లతో ఓటేసేది వాళ్లే. ఆ ఓటు లెక్కపెట్టేవాళ్లు లేరు.

అలాగని పన్నుకి తాళం వేసెయ్యమని నేను అడగట్లేదు. వేసి చూసినవాళ్లున్నారు. కాలిఫోర్నియాలో 1978 జూన్‌లో ప్రతిపాదన 13 అని ప్రజల ముందు ఓటుకి పెట్టారు, దాదాపు మూడింట రెండొంతుల మంది అవునన్నారు. ఇంటి విలువని 1975 నాటికి వెనక్కి తీసుకుపోయారు, అసలు పన్ను అందులో 1 శాతం మించకూడదు, విలువ ఏటా 2 శాతానికి మించి పెంచకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడు మాత్రం కొత్త ధరకి లెక్క కడతారు. మా టీచరు గారి లాంటివాళ్లు ఎంతోమంది దానివల్ల నిలబడి ఉంటారు, అది చిన్న విషయం కాదు. కానీ పదేళ్లు తిరిగేసరికి పక్కపక్క ఇళ్లు, ఒకే కొలత, ఒకే రోడ్డు, కొత్తగా కొన్నావిడ పాతవాళ్ల కన్నా దాదాపు ఐదు రెట్లు కడుతోంది. ఆవిడ కోర్టుకి పోతే 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందనే తేల్చింది. 2003లో అమెరికా కుబేరుడు వారెన్ బఫెట్ తన రెండిళ్ల లెక్కే చెప్పాడు: సొంతూరు ఒమాహాలో సుమారు 5 లక్షల డాలర్ల ఇంటికి 14 వేల డాలర్ల పైన కడుతున్నాడు, కాలిఫోర్నియాలో 40 లక్షల డాలర్ల ఇంటికి రెండు వేల మూడు వందల లోపే. ఆ పద్ధతి వచ్చాక అక్కడ పిల్లలు ఎగిరిపోయి ఇల్లు ఖాళీగా ఉన్నా, ఉద్యోగం దూరమైనా కొంతమంది కదలరు, కదిలితే పాత పన్ను పోతుందని. ఇటు చూస్తే పన్ను పెరిగినా ఉంటున్నారు, అటు చూస్తే పన్ను పెరగలేదని ఉంటున్నారు. మరి ఉన్నారన్న ఒక్క ముక్క పట్టుకుని పన్ను ఎక్కువో తక్కువో ఎలా తేలుస్తాం? ఇంగ్లండ్‌లో ఇంకో రకం, అక్కడి ఇంటి పన్ను అయిన కౌన్సిల్ టాక్స్‌కి ఇప్పటికీ 1991 ఏప్రిల్ నాటి విలువలే ఆధారం, మళ్లీ మదింపు పెడితే గొడవని ఏ ప్రభుత్వమూ ముట్టుకోలేదు. తాళం వేసిన వాళ్లకి తాళం చెవి దొరకదు.

నేనడిగేది అంతకన్నా చాలా చిన్నది. పన్ను కట్టేవాడికి ఎప్పుడు వీలైతే అప్పుడు వసూలు చెయ్యాలని ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు, మనకి మాత్రం గడువు తేదీ ఒకటే, జీతగాడికీ కూలివాడికీ పెన్షన్‌దారుకీ. నెలవారీగా కట్టుకునే వీలు ఎందుకు ఉండకూడదు? కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 55 ఏళ్లు దాటినవాళ్లు తమ సొంత ఇంటి పన్నుని వాయిదా వేసుకోవచ్చు, ఆ ఏడాది పన్ను ప్రభుత్వమే కట్టి ఇంటి మీద అప్పుగా రాసుకుంటుంది, ఇల్లు అమ్మినప్పుడు వడ్డీతో తీసుకుంటుంది. మున్సిపాలిటీకి రావాల్సింది వస్తుంది, ముసలావిడ మెట్లు ఆవిడకుంటాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1964 నుంచే ఇంకో పద్ధతి ఉంది, ఇంటి పన్ను మనిషి ఆదాయంలో ఒక పరిమితి దాటితే దాటిన దాంట్లో కొంత తిరిగిస్తారు. ఇవి ఎవరూ ఊహించి చెప్పినవి కావు, నడుస్తున్నవి. అన్నిటికన్నా ముందు, నోటీసు వెనక వైపు ఖాళీగా ఉంటుంది కదా, పోయిన ఏడాది ఈ వార్డులో వసూలైంది ఇంత, ఖర్చు పెట్టింది ఇంత, దేనికి పెట్టామంటే దీనికి అని అక్కడ నాలుగు లైన్లు అచ్చు వెయ్యండి. మా నాన్న రసీదు వెనక రాసుకున్నట్టు. వీధి దీపం వచ్చిన ఏడాది ఆయన ఒక్క మాట సణగలేదని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇంకొక్క మాట. ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో నైజీరియా రైళ్ల గురించి రాశాడు. రైళ్లు ఎంత అధ్వాన్నంగా నడిచినా బాగుపడకపోవడానికి కారణం లారీలు ఉండడమే అన్నాడు. గట్టిగా నిలదీసే స్తోమత ఉన్నవాళ్లందరూ సరుకు లారీలకెత్తి వెళ్లిపోయారు, మిగిలినవాళ్ల మాట రైల్వే చెవికెక్కలేదు. ఊళ్లకీ అంతే అనిపిస్తుంది నాకు. డబ్బు, చదువు, పైన తెలిసినవాళ్లు ఉన్న నాలుగు కుటుంబాలు బయటికి పోతే పోయింది నలుగురి పన్ను కాదు, కౌంటరు దగ్గర నిలబడి ఇది తప్పు అని చెప్పే నాలుగు గొంతులు. అందుకని ఉండిపోయి గోల చేసేవాళ్లని చూసి, ఎలాగూ పోరు కదా అని నవ్వకండి. గోల చేస్తున్నారంటే ఇంకా ఇక్కడే ఉందామనుకుంటున్నారని.

ఉత్తరం పొడుగైంది, తెలుసు. మీ పేజీలో ఎంత పడితే అంత కత్తిరించుకోండి, టీబో గీబో తీసేసినా పర్లేదు, టీచరు గారి సంగతి మాత్రం ఉంచండి. కొత్త మదింపు మీద అభ్యంతరాలు వినడానికి వచ్చే గురువారం పిలిచారు, ఈసారి ఆవిడా వస్తానన్నారు. అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను, వద్దన్నాడు, అయినా వస్తానన్నారు. ఆఫీసు మేడ మీద అని చెబితే, ఎన్ని మెట్లు నాయనా అని అడిగారు. అన్నిసార్లు తిరిగాను గానీ నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. బుధవారం సాయంత్రం అటు పోయి లెక్కపెట్టుకుని వచ్చి చెబుతానన్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు